మా ఇంటి బండికి నూనె మార్చుట

చదువుకున్నవారికి చేతిపని తెలియదనియు, చేతిపని తెలిసినవారికి చదువుతో అక్కర లేదనియు మన సమాజములో ఒక అభిప్రాయము చాలాకాలముగా పాతుకొనిపోయి ఉన్నది. షాయిరీ గురించియు, శతకముల గురించియు, జాతీయ సమైక్యతను గురించియు వ్యాసములు రావలసిన ఈ సంచికలో మోటారుబండి ఇంజనులోని నూనెను గురించి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మా ఇంటిలో అన్నము ఉడికినది ఆ నూనె మీదనే. మా అబ్బా కర్నూలు పాతబస్తీలో ముప్పది సంవత్సరములకు పైగా మోటారు మెకానిక్కుగా పని చేసినారు. ఆయన గోళ్ళ సందులలోని నలుపు ఈద్ నాడు సబ్బుతో ఎన్నిసార్లు కడిగినను పోయెడిది కాదు. ఆ నలుపుతోనే మా ముగ్గురి ఫీజులు కట్టబడినవి.

ఉర్దూ భాషలో ఒక చక్కని విశేషము ఉన్నది. తరగతిలో గజలునకు అర్థము చెప్పువారిని ఉస్తాద్ అందుము; షెడ్డులో కార్బురేటరు విప్పి చూపువానిని కూడ ఉస్తాద్ అనియే అందుము. మొదటివాని వద్ద నేర్చుకొనువాడు శాగిర్దు, రెండవవాని వద్ద నేర్చుకొనువాడును శాగిర్దే. భాష ఈ ఇద్దరికిని ఒకే పీఠము వేసినది. మనుష్యులు మాత్రము వేయలేదు. అబ్బాకు ఆ సంగతి మా కన్న బాగుగా తెలియును. కాబట్టియే ఆయనకు ఒక పట్టుదల ఉండెడిది: తన పిల్లలు పానా పట్టరాదు. షెడ్డు మా ఇంటికి నాలుగు వీధుల అవతలనే ఉన్నను మాకు అందులోనికి ప్రవేశము లేదు. అన్నపు క్యారియరు తీసికొని పోయిన రోజున కూడ గుమ్మము బయట నిలిచి అందించి రావలసినదే. పదిమంది పిల్లలకు పని నేర్పిన ఉస్తాదు తన ముగ్గురు బిడ్డలకు మాత్రము ఒక నట్టు కూడ విప్పనీయలేదు.

2023 ఫిబ్రవరిలో ఆయనకు పక్షవాతము వచ్చినది. కాలు కొంత తిరిగి వచ్చినది, మాట సగము వచ్చినది, కుడిచేయి మాత్రము రాలేదు. షెడ్డు అద్దెకు తీసుకున్నది గనుక ఖాళీ చేసినాము. పనిముట్ల పెట్టె ఒకటి ఇంటికి వచ్చి మంచము క్రింద చేరినది. ఇక ఇంటికి ఆధారము 2011 నాటి మారుతీ ఓమ్ని బండి. మాలో పెద్దవాడు చదువు ముగించిన పిమ్మట లుంగీలు, దుపట్టాలు, పిల్లల దుస్తులు ఆ బండిలో వేసుకొని కోడుమూరు, పత్తికొండ, ఎమ్మిగనూరు వైపు సంతలకు పోయి అమ్ముచున్నాడు. అబ్బా మందులు, చెల్లెలి బి.యస్సీ., తమ్ముని ఇంటర్మీడియట్, ఇంటి అద్దె, ఇవన్నియు ఆ మూడు సిలిండర్ల ఇంజను మీద కూర్చున్నవి. అది ఒక్కసారి పట్టివేసినదా, రెండు మూడు నెలల సంపాదన దానికే చెల్లును. ఆ మధ్యలో సంత ఎవరి కొరకును ఆగదు.

అబ్బా ఆసుపత్రిలో ఉన్న రోజులలో బండిని ఒక వర్క్‌షాపునకు ఇచ్చినాము. దాని పేరు ఇక్కడ అక్కరలేదు. నూనె మార్చినట్లును, ఫిల్టరు మార్చినట్లును బిల్లు ఇచ్చినారు, డబ్బు కట్టినాము. ఆ బిల్లు సంగతి మరల చెప్పవలసి వచ్చును.

ఆ తరువాత ఐదు వేల కిలోమీటర్లు నిండినవి. మా ప్రాంతపు దుమ్ము రోడ్లకు, ఎండలకు ఐదు వేలు గాని, ఆరు నెలలు గాని, ఏది ముందైన అది అని అబ్బా పెట్టిన లెక్క. ఈసారి పని మేమే చేసికొందుమని అబ్బాతో అన్నాము. ఆయన ముఖము త్రిప్పుకున్నారు. మూడు రోజులు ఆ మాట ఎత్తనీయలేదు. అమ్మీ కూడ, "ఆయనకు బాధ కలిగించి మిగుల్చుకొను ఆ ఐదారువందలు మనకు వద్దు" అన్నది. నాలుగవ రోజు ఉదయము ఫజర్ నమాజు ముగించి, మంచము క్రింది పెట్టెను ఎడమచేతితో తానే బయటకు లాగినారు. ఎందుకు మనసు మారినదో అడుగుటకు మాకు ధైర్యము లేకపోయినది. ఆయనయు చెప్పలేదు.

ఇంజనులో నూనె ఏమి చేయునో ముందుగా చెప్పవలెను. ఇది మన ప్రాంతమునకు కొత్త విద్య కాదు. ఎద్దులబండి ఇరుసునకు కందెన వేయుట మన తాతలు ఎరిగిన పనియే. ఆముదములో కాల్చిన గడ్డి మసి కలిపి, బండి వెనుక వేలాడు గొట్టములో పోసి ఉంచుకొనెడివారు. కందెన లేని బండి కీచుమనును, ఇరుసు అరుగును. మోటారు యుగము వచ్చిన తరువాతను ఆముదము చాలాకాలము వెనుకబడలేదు. ఈనాడు లోకమంతట తెలిసిన క్యాస్ట్రాల్ అను పేరు 1909లో ఆముదము యొక్క ఆంగ్ల నామము నుండి పుట్టినదే. పాలమూరు మెట్ట పొలములలో పండు గింజకును విమానపు ఇంజనునకును అట్టి చుట్టరికము ఉన్నదని మేము ఈ పనిలో దిగిన తరువాతనే తెలిసికొన్నాము.

నూనె వేసినచో ఇనుము జారును, అంతే గదా అని అనుకొందుము. అంతమాత్రమే కాదు. 1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ అను ఇంజనీరు రైలుపెట్టె ఇరుసు తిరుగు బేరింగు మీద ప్రయోగములు చేసెను. నూనె పోయుటకని బేరింగు పైభాగమున ఒక రంధ్రము చేయగా, ఇరుసు తిరుగునప్పుడు నూనె లోపలికి పోవుటకు బదులు ఆ రంధ్రము గుండా పైకి ఉబికి వచ్చినది. దానికి బిరడా కొట్టినాడు. బిరడా కూడ పైకి తోసివేయబడినది. తిరుగు ఇరుసే నూనెను ఇరుకైన సందులోనికి లాగుకొని పోయి, అంత ఒత్తిడి పుట్టించి, తన మీది బరువును ఆ నూనె పొర మీద తేల్చుచున్నదని అప్పుడు తెలిసినది. 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ దీనికి గణితము సమకూర్చినాడు. అనగా నడుచుచున్న ఇంజనులో క్రాంకు ఇరుసు లోహము మీద ఆనుకొని లేదు; వెంట్రుక కన్న పలుచనైన నూనె పొర మీద తేలుచున్నది. ఆ పొర చినిగిన నాడు ఇనుము ఇనుమును తినును. మాలో భౌతికశాస్త్రము చదువు చెల్లెలు ఇదంతయు పుస్తకములో చదివి అబ్బాకు చెప్పినది. ఆయన శ్రద్ధగా విని, తల ఊపి, బిరడా సంగతి మరల ఒకసారి చెప్పమన్నారు. ముప్పది ఏండ్లు తాను కాపాడుచు వచ్చినది ఆ పొరనే అని వినుట ఆయనకు ఇష్టమైనట్లున్నది.

డబ్బా మీద ఉండు అంకెలను గురించి కూడ ఒక మాట. 20డబ్ల్యు–40 అని ఉండును. ఇందులో డబ్ల్యు అనగా చలికాలమునకు ఆంగ్ల సంకేతము. ముందరి అంకె చల్లని ఇంజనులో నూనె ఎంత సులువుగా పారునో తెలుపును, వెనుకటి అంకె వేడెక్కిన ఇంజనులో ఎంత చిక్కదనము నిలుపుకొనునో తెలుపును. ఇవి డిగ్రీలు కావు, కేవలము తరగతులు. అంగడివాడు "ఇది ఇంకను మంచిది" అని చెప్పినదానిని కాక బండితో వచ్చిన పుస్తకములో ఉన్నదానిని కొనవలెను. మా బండికి మూడు లీటర్ల డబ్బా ఒకటి చాలినది.

పని ఒక ఆదివారము ఉదయము మొదలు పెట్టినాము. అబ్బా స్టూలు వేసుకొని వేపచెట్టు నీడన కూర్చున్నారు. మాట పూర్తిగా రానందున ఆయన చేతికర్రతో చూపుట, మేము ఊహించి చెప్పుట, అవునన్నచో తల ఊపుట, ఇదే మా పాఠము. మొదటి పాఠము బండి క్రిందికి పోవుటకు ముందే జరిగినది. తమ్ముడు జాకీ ఎత్తి క్రిందికి దూరబోగా కర్ర వచ్చి వాని వీపున తగిలినది. గట్టిగానే తగిలినది. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. ముందరి చక్రములు రెండును వెడల్పైన కొయ్య దిమ్మెల మీదికి ఎక్కించి, వెనుక చక్రములకు రాళ్ళు అడ్డము పెట్టి, గేరులో ఉంచి, చేతిబ్రేకు లాగి, బండిని నలుగురము ఊపి చూచిన తరువాత గాని ఆయన కర్ర క్రింద పెట్టలేదు.

తరువాత చేతితొడుగులు. ఆయన జన్మలో తొడుగు వేసికొని ఎరుగరు. మా చేత మాత్రము వేయించినారు. ఇందులో సుకుమారము ఏమియు లేదు. ఒకప్పుడు లాంకషైరు నూలు మిల్లులలో ఖనిజ తైలము తగులుచుండిన పనివారికి చర్మపు క్యాన్సరు వచ్చినట్లు వైద్యశాస్త్రములో నమోదైనది. శుద్ధి చేయని, సరిగా శుద్ధి కాని ఖనిజ తైలములను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగము క్యాన్సరు కారకముల జాబితాలో చేర్చినది. ఇంజనులో కాలిన నూనెలోనికి అట్టి పదార్థములు మరికొన్ని వచ్చి చేరును. అబ్బా ముంజేతుల మీది మచ్చలను చూచి పెరిగిన మాకు దీనిని ఎవరును వివరించి చెప్పవలసిన పని లేదు.

ఇంజనును మూడు నాలుగు నిమిషములు నడిపి ఆపినాము. గోరువెచ్చని నూనె సులువుగా కారును, మురికిని కూడ వెంట తెచ్చుకొనును. మరీ వేడిగా ఉన్నచో చేయి కాలును. ఓమ్నిలో ఇంజను ముందరి సీటు క్రింద ఉండును గనుక సీటు ఎత్తి, నూనె పోయు మూత తీసి ఉంచినాము. గాలి లోపలికి పోనిదే క్రింద ధార సాఫీగా పడదు. ఛాంబరు అడుగున ఉండు నట్టును రింగుపానాతో విప్పవలెను. కొన నలిగిన పానా పెట్టినచో నట్టు అంచులు గుండ్రమైపోవును, ఆపైన అది పానాకు దొరకదు. చివరి రెండు చుట్లు చేతితో, నట్టును లోపలికి నొక్కిపట్టి త్రిప్పి, ఒక్కసారిగా ప్రక్కకు లాగివేయవలెను. "ఆహిస్తా" అను మాట ఆ ఉదయము అబ్బా నోట స్పష్టముగా వచ్చిన మొదటి మాట.

ధార పడునప్పుడు ఆయన స్టూలు మీది నుండి వంగి చూచినారు. నూనె నల్లగా ఉన్నదని మేము కంగారు పడినాము. నలుపు దోషము కాదట. నూనెలో కలిపెడి మందులు మసిని అంటుకొననీయక తమలో కలుపుకొని ఉంచుటకే ఉన్నవి. నల్లబడుట అది పని చేసినదనుటకు గుర్తు. చూడవలసినవి వేరు. పెట్రోలు వాసన గాఢముగా వచ్చినచో ఒక రోగము. వెలుతురులో లోహపు పొడి మెరసినచో బేరింగు అరుగుచున్నది. పాలు కలిపిన టీ రంగు ఉన్నచో నీరు చేరినది. ఈ చివరిది కర్నూలువారికి ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు. 2009 అక్టోబరు మొదటి వారములో తుంగభద్ర, హంద్రీ పట్టణము మీద పడినప్పుడు పాతబస్తీ మునిగినది, అబ్బా షెడ్డును మునిగినది. నీరు తీసిన తరువాత వరుసగా వచ్చిన బండ్లలో దేనిని స్టార్టు చేయనీయక, ఆయన మొదట క్రింది నట్టు విప్పెడివారట. నూనె కన్న నీరు బరువు గనుక మొదట బురదనీరు కారును, దాని వెనుక నూనె వచ్చును. తొందరపడి తాళము త్రిప్పినవారి ఇంజనులు చెడినవి, ఓపిక పట్టినవారివి చాలవరకు బ్రతికినవి. మా బండి అప్పటికి మా ఇంటికి రాలేదు. ఆ వారము ఆయన ఇంటికి వచ్చి నిద్రపోయినట్లు మాకు జ్ఞాపకము లేదు.

ఇక ఫిల్టరు. ఇది తమలపాకుల డబ్బా అంత ఉండు రేకు డబ్బా, లోపల మడతలు పెట్టిన కాగితము. దానిని విప్పి, నూనె తుడిచి, అడుగు భాగమును వెలుతురునకు పెట్టి చూడగా మేకుతో గీసిన అంకెలు కనబడినవి. ఉర్దూ అంకెలలో తేదీ, 2022 అక్టోబరు. ఏ ఫిల్టరు బిగించినను అడుగున తేదీ గీయుట అబ్బా అలవాటు. అనగా మేము డబ్బు కట్టిన బిల్లులోని కొత్త ఫిల్టరు ఎన్నడును బండి ఎక్కలేదు. నూనె కూడ మార్చినారో, కొంచెము పోసి ఊరకున్నారో తెలియదు. మాకు కోపము వచ్చినది. పెద్దవాడు బిల్లు వెదకుటకు లోపలికి పోయినాడు. అబ్బా మాత్రము కోపము చూపలేదు. డబ్బాను చేతిలోనికి తీసికొని ఆ అంకెలనే చూచుచు కూర్చున్నారు. అవి ఆయన కుడిచేతి వ్రాత. అటుపై ఆ చేయి ఏమియు వ్రాయలేదు.

మాలో ఎవరును మాటలాడలేదు. కొంతసేపటికి ఆయనయే కర్రతో కొత్త ఫిల్టరును చూపినారు. దాని రబ్బరు చుట్టునకు కొత్త నూనె వ్రేలితో రాచి, చేతితోనే త్రిప్పి, రబ్బరు తాకిన తరువాత ముప్పావు చుట్టు బిగించవలెను. పానా పెట్టరాదు. బలము ఉన్నదని బిగించినచో రబ్బరు నలుగును, వచ్చేసారి ఊడిరాదు. బిగించుటకు ముందు దానిని ఆయన ఒడిలో పెట్టినాము, మేకు ఎడమచేతికి ఇచ్చినాము. తేదీ గీయుటకు చాలాసేపు పట్టినది. అంకెలు వంకరగా వచ్చినవి, చదువుటకు మాత్రము ఇబ్బంది లేదు.

క్రింది నట్టునకు కొత్త వాషరు వేసి బిగించినాము. ఛాంబరు మరలు మెత్తనివి. మితిమీరిన బలము పెట్టినచో మర జారిపోవును, ఆ మరమ్మతు ఖర్చు పది నూనె మార్పులకు సమానము. దిమ్మెల మీది నుండి బండిని దించి చదునుగా నిలిపి, గరాటుతో నూనె పోసినాము. మొత్తము ఒకేసారి పోయరాదు. కొంత మిగిల్చి, కొలత పుల్ల తుడిచి ముంచి చూడవలెను. పుల్ల మీది రెండు గీతల నడుమ నిలువవలెను. తక్కువైనచో చేటు అని అందరికిని తెలియును, ఎక్కువైనను చేటే. నూనె మట్టము పెరిగి క్రాంకు దానిని చిలికినచో నురుగు పుట్టును, నురుగులో గాలియే గాని పొర నిలుపు శక్తి ఉండదు.

తాళము త్రిప్పగానే ఎదుట ఎర్రదీపము వెలిగినది. చిత్రముగా ఆ గుర్తు అల్లావుద్దీను దీపము వలెనే ఉండును. కొత్త ఫిల్టరు నిండువరకు రెండు మూడు సెకండ్లు వెలిగి ఆరిపోవలెను. ఆ దీపము నూనె మట్టమును చెప్పదు, నూనె ఒత్తిడిని చెప్పును. నడుచునప్పుడు వెలిగినచో ఇంజను ఆ క్షణమే ఆపవలెను, మరొక కిలోమీటరు పోయి చూచుదమనుట లేదు. మా దీపము ఆరిపోయినది. ఇంజను ఆపి, ఐదు నిమిషములు ఆగి, మరల పుల్ల చూచి, క్రింద కారుట లేదని చేయి పెట్టి చూచి, గీతకు తగ్గినంత పోసినాము. పెద్దవాడు మరునాడు తెల్లవారుజామున సంతకు బయలుదేరినాడు.

బిల్లు దొరికినది గాని దానిని పట్టుకొని జగడమునకు పోలేదు. మాలో ఇద్దరు పోవలెననియే అన్నారు. ఆ వర్క్‌షాపులో పనిచేయు కుర్రవాడు ఒకప్పటి తన శాగిర్దు అని అబ్బా సైగలతో తెలిపినారు. పోయి అడిగినచో ఉద్యోగము పోవునది వానికేనట. ఇది న్యాయమా అని ఇంటిలో ఇప్పటికిని వాదము ఉన్నది.

మిగిలినది పాత నూనె. దానిని వీధి కాలువలో పారబోయువారు మన వీధులలోనే ఉన్నారు. ఒక్క బండి నుండి దించిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెప్పుచున్నది. మా కాలువ పోయి కలియునది హంద్రీలో. కొందరు దానిని చెదలు పట్టకుండ వాసములకు పూయుదురు, కొందరు శెంట్రింగు పలకలకు రాయుదురు. అదియు చివరకు నేలలోనికే పోవును. వాడిన నూనెను తిరిగి శుద్ధి చేసి వాడవచ్చును. 2024 ఏప్రిల్ 1 నుండి నూనె ఉత్పత్తిదారులకు, దిగుమతిదారులకు ఆ బాధ్యతను కేంద్ర ప్రభుత్వ నిబంధనలు అప్పగించినవి. మేము దానిని నీరు, పెట్రోలు కలియకుండ క్యానులో పట్టి, ఊరి చివర అధికారము పొందిన సేకరణదారునకు ఇచ్చి వచ్చినాము. ఫిల్టరును తలక్రిందుగా రాత్రంతయు కార్చినాము. ఆ రేకు డబ్బాను దాచుకొందమని మాకు ఆశ ఉండెను. పాత ఇనుము కొనువాడు రాగానే అబ్బా దానిని తూకములో వేయించినారు.

ఖాళీ నూనె డబ్బాను మాత్రము ఊరకే పోనీయలేదు. చెక్కుచెదరని డబ్బాలను కొనిపోయి, వడగట్టిన పాత నూనె నింపి, కొత్త మూత బిగించి అమ్మువారు ఉన్నారు. మేకు తెప్పించుకొని, తమ్ముని చేత డబ్బా పట్టించి, ఎడమచేతి సుత్తితో దాని అడుగున నాలుగు రంధ్రములు పొడిచిన తరువాతనే దానిని తక్కెడ మీద పెట్టనిచ్చినారు.